ఊపిరి వదిలాక తీసే కొలత

3, మంగళవారం

కెమెరా పెడుతున్నారట. ఈ సంగతి నాకు మా అమ్మాయి చెప్పలేదు, రేడియో చెప్పింది. రేడియోలో చెప్పింది కూడా మా అమ్మాయే అనుకోండి. ఒకే ఇంట్లో ఉంటాం, ఒకే గిన్నెలో కాచిన టీ తాగుతాం, అయినా ఊరందరితో పాటే నాకూ తెలియాలి.

షాపులో కూర్చుని కాజాలు కుడుతున్నాను. నోట్లో గుండుసూదులు. బల్ల మీద రేడియోలో తను, "ఇరవై ఆరో తేదీ నుంచి మీరు నన్ను వినడమే కాదు, చూడొచ్చు కూడా. స్టూడియోలో కెమెరాలు పెడుతున్నారు. గుండె జబ్బులున్నవాళ్ళు ముందే చెప్పండి" అని నవ్వింది. నేను నవ్వలేదు. నోట్లో సూదులు పెట్టుకుని ఎవరు నవ్వుతారు.

కటింగ్ మాస్టరు కత్తెర ఆపి, "అమ్మాయి టీవీలోకి ఎక్కుతోందన్నమాట, అక్కయ్యా" అన్నాడు. టీవీ కాదు, ఫోన్లలో వస్తుందట. ఏదైతేనేం. పంతొమ్మిదేళ్ళుగా పొద్దున్నే ఆ గొంతు వింటున్న జనం మనిషి తీగలా ఉంటుందనుకుంటున్నారు. మా షాపుకొచ్చే ఆడవాళ్ళే ఎంతమంది అన్నారో, "మీ అమ్మాయి గొంతు ఎంత నాజూగ్గా ఉంటుందండీ, మనిషీ అలాగే ఉంటుంది కదూ" అని. నేను అవుననలేదు, కాదనలేదు. టేపు తీసుకుని పక్కకి వెళ్ళేదాన్ని.

ఇప్పుడు చూస్తారు. ఇరవై మూడు రోజులుంది.

పాత ఆర్డరు పుస్తకంలో వెనక కాగితాలు మిగిలాయి. వాటి మీద రాస్తున్నాను. ఎవరితోనన్నా అంటే మాటకి మాట పెరుగుతుంది. కాగితం తిరిగి ఏమీ అనదు.

4, బుధవారం

భోజనాల దగ్గర అడిగాను.

"ఇరవై ఆరుకి ఏం వేసుకుంటావు?"

"బట్టలు" అంది.

అల్లుడు, "మంచి ఆలోచనే అత్తయ్యా. నేనూ అదే సలహా ఇచ్చాను" అన్నాడు. మొగుడూ పెళ్ళాలకి నవ్వులు. నవ్వనిచ్చి, "నేను కుడతాను" అన్నాను. నవ్వు ఆగిపోయింది.

"ఎందుకులే అమ్మా, నీకు కళ్ళనొప్పి. కొనుక్కుంటాను."

నాకు కళ్ళనొప్పి అని ఎవరు చెప్పారు. సూదిలో దారం ఇప్పటికీ ఒక్క దెబ్బకి ఎక్కిస్తాను.

తన ఒంటి మీద నా టేపు పడి పదకొండేళ్ళయింది. తన పెళ్ళి డ్రెస్సే ఆఖరు. ఎందుకో నాకు తెలియదు. ఊళ్ళో సగంమంది నడుముల కొలతలు నా వేళ్ళకి గుర్తు, సొంత కూతురేమో రెడీమేడ్ తెచ్చుకుంటుంది. చంకలో ముడత పడుతుంది, భుజం జారుతుంది, అయినా సరే. పక్కన నడుస్తుంటే ఆ ముడతని సరిచేయాలని చెయ్యి పీకుతూ ఉంటుంది నాకు. చెయ్యి జేబులో పెట్టుకుంటాను.

5, గురువారం

మా షాపు మేడమ్ కొత్త చార్టు తెచ్చి ట్రయల్ రూము పక్కన అంటించింది. ఆడవాళ్ళ ఒళ్ళు ఐదు రకాలట. ఆపిల్, పియర్, ఇసుక గడియారం, ఇంకా ఏవో రెండు. ఏ రకానికి ఏ మెడ, ఏ చేతులు, ఏ పొడుగు అని గీసి ఉంది. నేను ముప్ఫై నాలుగేళ్ళుగా చెబుతున్నవే. పొట్ట ఉంటే ముదురు రంగు, నిలువు గీత, నడుము దగ్గర అతుకు వద్దు. పిరుదులుంటే జనం చూపు మెడ దగ్గర ఆగేలా చూడాలి. దీనికి పండ్లెందుకు.

మాస్టరు చార్టు ముందు నిలబడి, "నేను ఏ పండంటావు అక్కయ్యా?" అన్నాడు.

"పండు కాదు, తొడిమ" అన్నాను.

బ్యాంకు ఆవిడ కొలతలకి వచ్చింది. ఇరవయ్యేళ్ళుగా తెలిసిన మనిషే, అయినా నడుముకి టేపు చుట్టగానే బిగుసుకుపోయింది. ఏ ఆడదైనా అంతే. టేపు తగలగానే ఊపిరి బిగబడుతుంది. ఆ కొలత రాసుకున్నామా, అద్దం ముందు డ్రెస్సు బ్రహ్మాండంగా ఉంటుంది, ఇంటికెళ్ళి కుర్చీలో కూర్చుంటే గుండీ ఎగిరి గోడకి తగులుతుంది. కడుపు వదలండి అంటే సిగ్గుతో ఇంకా బిగిస్తారు. అందుకని టేపు చుట్టి, ఊరికే ఒక మాట అడుగుతాను.

"బస్సులో సీటు దొరికిందా?"

"ఎక్కడండీ, మా స్టాపుకొచ్చేసరికే మెట్ల మీద వేలాడుతుంటారు. నిన్నైతే ఒకాయన నా కాలి మీద నిలబడి, నేనే ఆయన్ని తోస్తున్నానని నామీదే..."

జవాబు చెప్పాలంటే ఊపిరి వదలాలి కదా. ఆ కాలు తొక్కినాయన దగ్గరికి వచ్చేసరికి ఆవిడ అసలు నడుము నా టేపులో ఉంది. రాసుకుని, దాని మీద రెండు వేళ్ళు వదులుతాను. ఇది నాకెవరూ నేర్పలేదు. నేను షాపులో చేరిన కొత్తలో మా అమ్మాయి మిషన్ కింద కూర్చుని గుడ్డపీలికలతో ఆడుకుంటూ, నేనడగ్గానే తనూ అడిగేది, బస్సులో సీటు దొరికిందా అని. అందరూ నవ్వేవారు.

6, శుక్రవారం

ఆరేసిన తన బట్టలు కొలిస్తే తెలిసిపోతుంది. కొలవలేదు. దొంగతనంలా ఉంటుంది. అవసరం కూడా లేదు, నా కన్ను తప్పదు.

8, ఆదివారం

డ్రెస్సు కొనుక్కోవడానికి బయల్దేరింది. "నువ్వు రానక్కర్లేదమ్మా, ఇంట్లో పడుకో" అంది. వెళ్ళాను. వెళ్ళకుండా ఎలా ఉంటాను.

పెద్ద వీధిలో కొత్త బొటీక్. లోపల చల్లగా ఉంది, జలుబు చేస్తుందేమోనని కోటు తీయొద్దన్నాను. కోటు తీయకుండా డ్రెస్సు ఎలా వేసి చూస్తారమ్మా అంది. అదీ నిజమే.

అమ్మే ఆవిడ తనని పైనుంచి కిందికి చూసింది. ఆ చూపు నాకు తెలుసు, నేనూ అలాగే చూస్తాను. కానీ వేరేవాళ్ళు చూస్తుంటే ఒళ్ళు మండింది. "మేడమ్, మీకు ఈ వరస చూపిస్తాను, ఇవి పొట్ట కనబడనివ్వవు" అంది. అన్నీ నలుపు, ముదురు నీలం, బూడిద. నేను అదే చెప్పాలనుకున్నాను. ఆవిడ ముందుగా చెప్పేసిందని కోపం వచ్చింది.

ట్రయల్ రూము తెర బయట నిలబడ్డాను.

"చేతులెత్తి చూడు. కూర్చుని చూడు. వెనక పట్టేస్తోందా?"

"అమ్మా, ఇంకా తల కూడా దూర్చలేదు."

మూడు వేసుకుని చూసింది. మొదటిది పిర్ర దగ్గర ఆగిపోయింది, రెండోది భుజాల నుంచి వేలాడింది, మూడోదాని జిప్పు సగంలో ఇరుక్కుంటే నేనూ ఆ అమ్మే ఆవిడా చెరో పక్కన పట్టి లాగాం. తను మా ఇద్దరి మధ్యలో కళ్ళు మూసుకుని నిలబడింది. "ఊపిరి తీసుకోకండి మేడమ్, ఒక్క క్షణం" అంది ఆవిడ. "లోపలికి పీల్చు, లోపలికి" అన్నాను నేను.

అప్పుడు తనే వెళ్ళి ఇంకోటి తెచ్చుకుంది. పసుపుపచ్చది. దాని మీద అరచేతి వెడల్పు తెల్లటి అడ్డగీతలు. అడ్డగీతలు. వేసుకుని బయటికి వచ్చి అద్దం ముందు అటూ ఇటూ తిరిగింది. భుజాలు పట్టేస్తున్నాయి, ఆ సైజు తనది కాదు. కానీ మొహం ఎలాగో ఉంది. చిన్నప్పుడు వాన చూసినప్పుడు అలా ఉండేది.

"అమ్మా, ఎలా ఉంది?"

"తెర మొత్తం నువ్వే ఉంటావు" అన్నాను.

నేనన్నది దాని మంచికే. ముప్ఫై నాలుగేళ్ళు చేసిన పని నాది, అడ్డగీతలు ఏం చేస్తాయో నాకు తెలియదా. రేపు పదిమంది అనేముందు నేను అంటే తప్పా.

లోపలికి వెళ్ళి తన బట్టలు వేసుకుని వచ్చింది. ఏమీ కొనలేదు. బస్సులో సీటు దొరికింది, ఒక్కటే. నన్ను కూర్చోబెట్టి తను నిలబడింది. దారంతా కిటికీలోంచి చూసింది.

9, సోమవారం

మాట్లాడలేదు. రేడియోలో మాత్రం గంటన్నర సేపు అందరితోనూ మాట్లాడింది.

10, మంగళవారం

నేనే కుడతాను. చెప్పకుండా కుట్టి ఇస్తే వద్దంటుందా.

గుడ్డ తెచ్చాను. ముదురు నీలం మీద వెంట్రుకంత సన్నటి తెల్ల గీతలు, నిలువుగా. దూరానికి గీతలే కనబడవు, మనిషి మాత్రం సన్నబడుతుంది. మెడ కోణంగా, చేతులు మోచేతి కింది దాకా, నడుము దగ్గర అతుకు లేకుండా పైనుంచి కిందికి ఒకటే జారుడు. ఇంతకంటే ఎవరు కుడతారు.

మాస్టరు గుడ్డ పరిచి, "కొలతలేవీ?" అన్నాడు.

"రాస్తాను."

"టేపు పెట్టనిచ్చిందా?"

"నా కన్ను చాలు. నా కడుపున పుట్టిన పిల్లని నేను కొలవాలా?"

అది నిజమే కదా. కొత్తగా వచ్చిన ఆడదాన్ని గుమ్మంలో చూసి నడుము చెబుతాను, తర్వాత టేపు పెడితే అర అంగుళం తేడా రాదు. మాస్టరు ఎన్నిసార్లు పందెం వేసి ఓడిపోయాడో. కాగితం మీద అన్నీ రాసిచ్చాను. భుజం, ఛాతీ, నడుము, పిరుదు, చేతి చుట్టు.

మాస్టరు కాగితం చూశాడు. కళ్ళజోడు పైకి నెట్టి మళ్ళీ చూశాడు.

"ఇది మీ అమ్మాయికేనా?"

"మీ ఆవిడకి కుడతాననుకున్నారా?"

కత్తెర తీసుకున్నాడు.

13, శుక్రవారం

పక్క కుట్లు అయ్యాయి. లైనింగు వేయాలా వద్దా అని రెండు రోజులుగా ఆలోచిస్తున్నాను. వేస్తే లావుగా కనబడుతుంది, వేయకపోతే లైట్ల వెలుగులో లోపలిది కనబడుతుంది. స్టూడియోలో లైట్లు ఎంత వేడిగా ఉంటాయో. చెమట పడితే నీలం రంగు ముదురు మచ్చ కడుతుంది. కెమెరాని తల పైన తగిలిస్తారేమో, అది ఊడి మీద పడితే. అల్లుణ్ణి అడిగితే, "పడదు అత్తయ్యా, పడినా లేటెస్టు మోడల్, తేలిగ్గానే ఉంటుంది" అన్నాడు. వీడితో అన్నీ ఇంతే.

14, శనివారం

లైనింగు వేశాను.

17, మంగళవారం

ఇచ్చాను.

సాయంత్రం టీ తాగుతుంటే ఇస్త్రీ చేసిన డ్రెస్సు తెచ్చి కుర్చీ మీద వేశాను. తను దాన్ని చూసింది, నన్ను చూసింది. వద్దనలేదు. చేత్తో కుట్టు తడిమింది. "కుట్టు కనబడడం లేదమ్మా. చేత్తో కుట్టావా?" అంది. పదకొండేళ్ళకి నా పని తన చేతుల్లో ఉంది. వేసుకురా అన్నాను.

వేసుకుని వచ్చింది.

ఎలా రాయాలి. డ్రెస్సు తనకంటే ముందు గదిలోకి వచ్చింది. భుజాలు మోచేతుల వైపు జారాయి. రెండు పక్కలా నాలుగేసి వేళ్ళు ఎక్కువ. తను రెండు చేతులతో పక్కల్లో గుడ్డ పట్టుకుంది. పట్టుకున్నకొద్దీ ఇంకా వస్తోంది.

అల్లుడు జోకు వేయలేదు. కప్పు పట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయాడు.

"అమ్మా" అంది, మెల్లగా. "నేను నీకు ఇంత కనిపిస్తానా?"

"లూజుగా ఉంటే సన్నగా కనబడతావని..."

"లూజు కాదమ్మా ఇది. ఇందులో ఇంకొకళ్ళు పడతారు."

అరిచినా బాగుండేది. లోపలికి వెళ్ళి విప్పి, కుట్లు నలగకుండా నాలుగు మడతలు పెట్టి తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. అప్పుడు చెప్పింది, సన్న గీతలు కెమెరాకి పనికిరావట. తెర మీద చీమల్లా పాకుతాయట. ఏం వేసుకోవచ్చో ఏం వేసుకోకూడదో రేడియో వాళ్ళు పోయిన వారమే కాగితం ఇచ్చారట.

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు అడగలేదు" అంది.

18, బుధవారం

చిక్కిపోయి ఉంటుంది. పనెక్కువై తిండి సరిగా తినడం లేదు. లేకపోతే మాస్టరు కోతలో పొరపాటు.

మాస్టరుతో గొడవ పడ్డాను. "నాలుగేసి వేళ్ళు ఎక్కువ కోశారు, ఇన్నేళ్ళ అనుభవం ఏమైంది మీకు" అన్నాను. ఆయన మేకుకి గుచ్చిన కాగితాల్లోంచి ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. నా చేతిరాత. నా సున్నాలు పైన మూసుకోవు, అందరికీ తెలుసు. గుడ్డని టేపుతో కొలిచి చూపించాడు. నూలు పోగు కూడా తేడా లేదు.

"అడిగాను కదా అక్కయ్యా, మీ అమ్మాయికేనా అని."

"అడిగితే సరిపోయిందా? ఆపాలి కదా."

"నిన్నా? ఆపడమా?"

మధ్యాహ్నం నుంచి వచ్చినవాళ్ళనందరినీ గుమ్మంలోనే లెక్కకట్టాను. బ్యాంకు ఆవిడ, ఇద్దరు అక్కచెల్లెళ్ళు, పూలషాపు ఆవిడ, మేడమ్ వదిన. టేపు పెట్టి చూశాను. ఒక్కరి దగ్గరా తప్పలేదు. కళ్ళల్లో ఏ దోషమూ లేదు.

ఒక్క మనిషి దగ్గర తప్పింది.

19, గురువారం

పొద్దున రేడియో విన్నాను. రోజూ వింటాను, కానీ ఇవాళ మాటలు వినలేదు. మాటకి మాటకి మధ్య విన్నాను. వార్త చదివేముందు తను ఊపిరి తీసుకుంటుంది, నిండుగా. చదివాక వదులుతుంది. ఎవరో ఫోన్ చేసి ఏడుస్తుంటే ఊరుకుని వింటుంది, ఆ ఊరుకోవడంలో కూడా ఊపిరి వినబడుతుంది, పెద్ద కుర్చీలో వెనక్కి జారగిలబడ్డ మనిషిలా.

ఇంట్లో తన ఊపిరి నేనెప్పుడూ వినలేదు.

నేను గదిలోకి వెళ్తే కుర్చీలో సర్దుకుంటుంది. వీపు నిటారుగా పెడుతుంది. ఒళ్ళో దిండు పెట్టుకుంటుంది. అలవాటనుకున్నాను.

20, శుక్రవారం

టేపు ఎందుకు పెట్టనివ్వదో తెలియదని మొదట్లో రాశాను. తెలుసు.

పెళ్ళి డ్రెస్సు కొలతల రోజు. షాపు నిండా మనుషులు. అప్పటికి మేడమ్ వాళ్ళమ్మ ఉండేది, గల్లా దగ్గర. మాస్టరు అవతల బల్ల దగ్గర. నేను దాని నడుముకి టేపు చుట్టి, "లోపలికి పీల్చు" అన్నాను. పీల్చింది. "ఇంకా" అన్నాను. దాని మొహం ఎర్రబడింది. అప్పుడు నేను అందరికీ వినబడేలా అంకె చెప్పి, "రాసుకోండి మాస్టారూ, ఊపిరి బిగబట్టినా ఇంతే తగ్గింది" అన్నాను.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అదీ నవ్వింది, అందుకే నాకేమీ అనిపించలేదు.

దారినపోయే వాళ్ళందరినీ బస్సులో సీటు దొరికిందా అని అడిగాను. దాన్ని పీల్చమన్నాను. దానికి పద్నాలుగేళ్ళప్పటి నుంచీ పీల్చమంటూనే ఉన్నాను. ఫోటో తీస్తుంటే పీల్చు. చుట్టాలు వస్తే పీల్చు. వీధిలో నడుస్తుంటే వెనకనుంచి వీపు మీద వేలితో పొడిచేదాన్ని.

ఈ కాగితం చింపేయాలి.

21, శనివారం

చింపలేదు.

నీలం డ్రెస్సు కుట్లన్నీ విప్పేశాను. ఎలా అడగాలో తెలియడం లేదు. నోరు తెరిస్తే నా నోట్లోంచి ఇంకేదో వస్తుంది. షాపులో ఆర్డరు చీటీ ఒకటి తీసి రాశాను. పేరు దగ్గర ఏమీ రాయలేదు. "సోమవారం, నాలుగు గంటలకి, కొలతలు. ఎవరూ ఉండరు. గుడ్డ మీ ఇష్టం." ప్రతివాళ్ళకీ రాసినట్టే 'మీ' అని రాసేశాను, తర్వాత చూసుకున్నాను. అలాగే వదిలేశాను. తన బల్ల మీద పెట్టాను.

22, ఆదివారం

చీటీ మీద టీ కప్పు పెట్టింది. గుండ్రంగా మరక పడింది. చదివిందో లేదో. అల్లుడు చదివాడు, వాడి చూపులో తెలుస్తోంది. నాలుగు రోజులే ఉంది. ఏం వేసుకుంటుంది. పాత బూడిద రంగుది వేసుకుంటే చంకలో ముడత ఊరందరికీ కనబడుతుంది. నాకేం. నాకెందుకు.

23, సోమవారం

మేడమ్ సోమవారాలు మధ్యాహ్నం రాదు. మూడున్నరకి మాస్టర్ని టీ తాగి రమ్మన్నాను.

"ఎంతసేపు తాగాలి?"

"చల్లారేదాకా."

"ఇది మామూలు టీ కాదన్నమాట" అని గొడుగు తీసుకుని వెళ్ళిపోయాడు.

నాలుగు. నాలుగున్నర. అద్దం తుడిచాను. చార్టు తీసి గోడకి తిప్పి పెట్టాను. ఐదు. కత్తెరలు వరసగా పెట్టాను. ఇక రాదు, రాకపోవడమే నయం, నేనైతే వచ్చేదాన్నా అనుకుంటున్నాను, ఐదూ పదికి తలుపు గంట మోగింది. చేతిలో సంచి.

"ఎదురుగా మందుల షాపులో నిలబడ్డాను" అంది. "ఏం కావాలని రెండుసార్లు అడిగాడు. చివరికి దగ్గు బిళ్ళలు కొన్నాను."

"దగ్గుందా? ఎప్పటినుంచి?"

"లేదమ్మా."

సంచిలోంచి గుడ్డ తీసి బల్ల మీద పరిచింది. పసుపుపచ్చ. తెల్లటి అడ్డగీతలు. ఆ రోజు షాపులో చూసిన దానికంటే వెడల్పు. నేను గీతల వైపు చూశాను, తను నా వైపు చూసింది. నేను నోరు మూసుకున్నాను. ఇంత కష్టపడి నేనెప్పుడూ నోరు మూసుకోలేదు.

ట్రయల్ రూములో నిలబెట్టాను. భుజం తీశాను. చేతులు తీశాను. నడుముకి టేపు చుట్టగానే బిగుసుకుపోయింది, హ్యాంగరుకి వేలాడుతున్నట్టు. అడగాలి. ఏదో ఒకటి అడిగితే చాలు. బస్సు మాట అడిగితే కనిపెట్టేస్తుంది, ఆ మాట వింటూ పెరిగిన పిల్ల. ఇంకేం అడగను. దాన్ని ఏం అడగాలో నాకు ఒక్కటీ తోచలేదు. నలభై మూడేళ్ళ పిల్ల.

"ఆ రోజు నేను..." అన్నాను.

"తెలుసు. కొలత తియ్యి."

తీయలేకపోయాను. అలాగే పట్టుకుని ఉన్నాను. అద్దంలో తను నన్ను చూస్తోంది.

"అమ్మా, ఇవాళ బస్సులో సీటు దొరికిందా?"

"ఎక్కడే" అన్నాను. "పక్క సీటులో సంచి పెట్టుకుని కూర్చుందొక మహాతల్లి. తీయమ్మా అంటే సంచిలో గుడ్లున్నాయంటుంది. గుడ్లు కూర్చోవాలి, నేను నిలబడాలి. కండక్టరుని పిలిస్తే వాడు గుడ్లనే చూసి జాలిపడ్డాడు. రెండు స్టాపులు పోయాక నేను ఆ సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను, ఏం చేస్తాను, దిగేదాకా ఆవిడ గుడ్లు నేనే మోశాను..."

తను నవ్వుతోంది. నవ్వుతుంటే కడుపు కదిలింది. టేపు ఎప్పుడు వదులయిందో, నేను ఎప్పుడు ఊపిరి వదిలానో తెలియలేదు. దాని నడుము వచ్చి నా వేళ్ళ మీద వాలింది. వెచ్చగా ఉంది. చిన్నప్పుడు నిద్రలో ఇలాగే వాలేది.

అంకె చూశాను. నా కన్ను ఎంత తప్పిందో చూశాను.

"పైకి చదవకు" అంది.

చదవలేదు. చీటీ మీద రాసి మడిచి, మాస్టరుకి నేనే చేతికిచ్చాను. ఇక్కడ కూడా రాయను.

24, మంగళవారం

అడ్డగీతలతో చావొచ్చింది. పక్క కుట్టు దగ్గర ముందు గీత, వెనక గీత కలవాలి. వెంట్రుకంత జరిగితే మనిషి వంకరగా కనబడుతుంది. మూడుసార్లు విప్పాను. పైగా నడుముకి బెల్టు కావాలట. నడుముకి బెల్టు. సరే అన్నాను. సరే అని వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు తోమాను, తోమినవే.

"కాస్త ముదురు బెల్టు వేస్తే..." అన్నాను రాత్రి భోజనాల దగ్గర.

"తెల్లది."

"తెల్లదే" అన్నాను.

25, బుధవారం

అయింది. వేసుకుని చూపించింది. ఎక్కడా ముడత లేదు. భుజం ఉండాల్సిన చోట ఉంది. వెనక్కి తిరుగు అన్నాను, కూర్చో అన్నాను, చేతులెత్తు అన్నాను. అన్నీ చేసింది. పీల్చు అనబోయి నాలుక కరుచుకున్నాను. గీతలు మాత్రం ఒప్పుకోను. మంచి గుడ్డ, మంచి కుట్టు, పాడు గీతలు.

26, గురువారం

రాత్రంతా నిద్ర లేదు. బెల్టు ఊడితే, లైటు పేలితే, జనం ఏమన్నా రాస్తే. ఫోన్లలో కింద రాస్తారట, ఎవరిష్టం వచ్చినట్టు వాళ్ళు. అవి నేను చదవను. మాస్టర్ని చదవమన్నాను, మంచివైతేనే నాకు చెప్పమన్నాను.

మేడమ్ తన పలకలాంటి ఫోన్ని కుట్టుమిషన్ల మధ్య నిలబెట్టింది. పొద్దున వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు కూడా చూస్తూ నిలబడ్డారు. తను వచ్చింది. పసుపుపచ్చగా, తెర మొత్తం తనే.

నేనన్నట్టే ఉంది. లావుగానే కనబడుతోంది. అంత ఉంది కాబట్టి అంత కనబడుతోంది.

"మా ఆంటీ కుట్టిందే" అంది మేడమ్ ఆ ఇద్దరితో. ఒకావిడ తెరకి దగ్గరగా వంగి, "పక్కన గీతలు ఎలా కలిపారండీ" అంది. ఆవిడ సగం దర్జీ అయి ఉండాలి.

మాస్టరు కింద రాసినవి చదువుతున్నాడు. "ఒకాయన, గొంతు విని సన్నగా ఉంటారనుకున్నాను అని రాశాడు" అన్నాడు.

"మంచివే చెప్పమన్నాను కదా."

"ఇంకా ఉంది. ఇలాగే బాగున్నారు అని కూడా రాశాడు. పూర్తిగా వినవు కదా నువ్వు."

వార్తలు మొదలుపెట్టే ముందు తను ఒక క్షణం ఆగి, నేరుగా కెమెరాలోకి చూసింది. ఈ టైముకి నేను బల్ల దగ్గర ఉంటానని తనకి తెలుసు. అందరూ చూస్తారని తెలుసు, నేనూ చూస్తున్నానని తెలుసు. నా వీపు బిగుసుకుంది, చెయ్యి దానంతటదే ముందుకు పోయింది, వేలితో పొడవడానికా, ముడత సరిచేయడానికా. సరిచేయడానికి ముడత లేదు.

బెల్టు కింద రెండో తెల్ల గీత మెల్లగా పైకి లేచింది. నిండుగా. తర్వాత కిందికి దిగింది.

గంటన్నర సేపు ఆ గీతనే చూశాను. ఒక్క కాజా కూడా కుట్టలేదు.